ఆ పది రోజుల్లో నేను చూసిన సింగపూర్

(మన వేదిక వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం. మాట్లాడినట్టే ఉంచాను, అక్కడక్కడ సరిచేశాను.)

ఓటీ మానుకుని వచ్చినవాళ్ళకి నమస్కారం, ఎందుకంటే ఆదివారం ఓటీ ఖరీదు ఎంతో నాకు తెలుసు.

నాకు ప్రసంగాలు రావు. రోజూ పొద్దున్న టూల్‌బాక్స్ మీటింగ్‌లో పది నిమిషాలు మాట్లాడతాను. హెల్మెట్ పెట్టుకోండి, హార్నెస్ తగిలించండి, ఎత్తేటప్పుడు నడుం వంచకండి, అంతే. ఇవాళ కూడా అలాంటి మీటింగే అనుకోండి. కాకపోతే ఇవాళ నేను చెప్పేదాంట్లో నా తప్పు ఒకటుంది. అది చెప్పడానికే వచ్చాను.

మాది సోంపేట దగ్గర. సివిల్ డిప్లొమా చేశాను. ఏజెంటుకి అప్పు చేసి డబ్బు కట్టి, ట్రేడ్ టెస్ట్ పాసై, వర్క్ పర్మిట్ మీద బార్ బెండింగ్ పనికి ఇక్కడికొచ్చాను. డిప్లొమా ఉండీ ఇనప చువ్వలు మోస్తున్నాడని ఊళ్ళో నవ్వారు. అప్పు తీరాక నవ్వడం మానేశారు. రెండేళ్ళ కింద సూపర్‌వైజర్ని చేశారు, ఎస్ పాస్ వచ్చింది.

ఇక అసలు సంగతి. గత ఏడాది జూన్‌లో నేనుండే గది అద్దె గడువు ముగిసింది. కొత్త గది దొరకడానికి పది రోజులు పట్టేలా ఉంది. సరిగ్గా అప్పుడే చెల్లి పెళ్ళి కోసం పెట్టుకున్న సెలవు, పెళ్ళి వాయిదా పడి మిగిలిపోయింది. పెరుమాళ్ళ కోయిల్లో పరిచయమైన ఒక అన్నయ్యతో మాటల్లో ఈ సంగతి చెప్పాను. ఆయన కంప్యూటర్ ఉద్యోగం, ఇల్లు పుంగోల్‌లో. "హోటల్ ఎందుకయ్యా, మా ఇంట్లో ఉండు" అన్నాడు. నేను మొహమాటపడితే ఆయన పక్కనున్న వదిన, "పరుపు ఒకటి ఖాళీగా ఉంది, వంట ఎలాగూ చేస్తాను, ఇంకేం ఆలోచిస్తావు" అంది.

ఇక్కడ ఒక మాట. నిర్మాణ రంగంలో వర్క్ పర్మిట్ మీదున్న మనవాళ్ళు హెచ్‌డీబీ ఫ్లాట్‌లో అద్దెకుండటానికి వీల్లేదు. ఎస్ పాస్ వాళ్ళకి వీలుంది. కాబట్టి నన్ను చూసి ఎవరూ సామాన్లు సర్దుకోకండి.

ఇన్నేళ్ళు సింగపూర్‌లో ఉన్నాను గానీ అంతవరకూ ఒక ఇంట్లో పడుకోలేదు. ఈ దేశంలో ఎన్ని బ్లాకులకి శ్లాబులు వేశానో లెక్కలేదు, ఆ శ్లాబు కింద జనం ఎలా బతుకుతారో చూడలేదు. మొదటిరోజు అన్నం తిని అలవాటుగా ప్లేటు పట్టుకుని లేచిపోయాను. అన్నయ్య వాళ్ళమ్మగారు పార్వతీపురం నుంచి వచ్చి ఉన్నారు. "ఏటి బాబూ, మజ్జిగ పోసుకోకుండా లేచిపోతన్నావు? లారీ ఏటైనా వచ్చీసిందా?" అన్నారు. నిజమే. ఇన్నేళ్ళూ లారీ వచ్చేస్తుందన్నట్టే తిన్నాను.

ఆ ఇంట్లో ఒక అలవాటుంది. సెలవు రోజు ఎక్కడో ఒకచోట సేవకి వెళ్తారు. "నువ్వూ వస్తావా?" అని అడిగారు. ఊరికే తిని కూర్చోలేక సరే అన్నాను. ఆ పది రోజుల్లో నాలుగు చోట్లకి వెళ్ళాను.

మొదటిది విల్లింగ్ హార్ట్స్ వంటశాల. టోనీ టే అనే పెద్దాయన 2003లో మొదలుపెట్టారు. 2017లో ఆయనకి రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. ఆసియాలో సేవ చేసినవాళ్ళకి ఇచ్చే పెద్ద గౌరవం అది. అక్కడ పండగ, సెలవు అని లేదు, ఏడాదంతా వంట సాగుతుంది. రోజూ వేల భోజనాలు ఒంటరి ముసలివాళ్ళకి, మంచం పట్టినవాళ్ళకి, పేద కుటుంబాలకి, మనలాంటి కార్మికులకి వెళ్తాయి. వండేవాళ్ళూ, కోసేవాళ్ళూ, మోసేవాళ్ళూ దాదాపు అందరూ స్వచ్ఛందంగా వచ్చేవాళ్ళే.

తెల్లవారకముందే వెళ్ళాం. నాకు ఉల్లిపాయలు ఇచ్చారు. పక్కన ఒక చైనీస్ ఆంటీ, డెబ్బై ఏళ్ళుంటాయి. నా కోత చూసి నవ్వి, కత్తి ఎలా పట్టుకోవాలో చేత్తో చూపించింది. ఇరవైమంది మీద పెత్తనం చేసే నేను ఆమె దగ్గర హెల్పర్నయ్యాను. నా కళ్ళు మాత్రం సూపర్‌వైజర్ కళ్ళే కదా, ఊరుకోవు. కడిగేచోటు, కోసేచోటు, పొయ్యి, ప్యాకింగ్, వ్యాన్. సరుకు ఒకవైపు నుంచి వస్తుంది, మరోవైపు నుంచి పోతుంది. ఎవరూ ఎవరికీ అడ్డం రారు, ఎవరూ అరవరు. మన సైట్లో ఇలా జరిగితే నెలకి ముందే శ్లాబు పడిపోతుంది అనుకున్నాను.

2020 గుర్తొచ్చింది నాకు. ఏప్రిల్ 7న సర్క్యూట్ బ్రేకర్ పెట్టారు, డార్మ్ తలుపులు వేశారు. పన్నెండుమందిమి ఒక గదిలో ఉన్నాం. ప్యాకెట్లు వచ్చేవి, తినేవాళ్ళం, రుచి లేదని తిట్టుకునేవాళ్ళం. ఆ ప్యాకెట్ వెనకాల తెల్లవారుజామున లేచి ఉల్లిపాయలు కోసిన ఒక ముసలామె కూడా ఉండొచ్చని నాకు ఒక్కనాడూ తట్టలేదు.

రెండోది టౌనర్ రోడ్డులోని సెంట్రల్ సిక్కు గురుద్వారా. తలకి గుడ్డ కట్టుకుని ఎవరైనా వెళ్ళొచ్చు. రొట్టె, పప్పు, కూర. నీ మతమేంటి, పర్మిట్ ఏంటి అని ఎవరూ అడగరు. మామ్మగారు అక్కడ పళ్ళేలు కడిగే చోటికి నడిచి వెళ్ళి చీర కొంగు దోపుకున్నారు. "మన కోయిల్లో అన్నదానం తింటాం, మరి ఇక్కడ తిన్నప్పుడు పళ్ళెం కడగొద్దా?" అన్నారు. నేనూ వెళ్ళి పక్కన నిలబడ్డాను.

మూడోది హెల్త్‌సర్వ్ క్లినిక్. 2006లో డాక్టర్ గో వీ లియాంగ్, ఆయన స్నేహితుడు కలిసి వలస కార్మికుల కోసం మొదలుపెట్టిన సంస్థ. డాక్టర్లు తమ ఆసుపత్రి పని ముగించుకుని స్వచ్ఛందంగా వచ్చి చూస్తారు. పళ్ళ డాక్టర్లు ఉంటారు. మనసు బాగోలేనివాళ్ళతో మాట్లాడే కౌన్సెలర్లు ఉంటారు. వదిన అక్కడ తెలిసినవాళ్ళకి మందుల అట్టలు సర్దడంలో సాయపడింది. నేను బెంచీ మీద కూర్చున్నాను. పక్కనున్న బెంగాలీ తమ్ముడు నన్ను రోగి అనుకుని, "నీకేం నొప్పి?" అని అడిగాడు. ఏమీ లేదన్నాను. "అదృష్టవంతుడివి" అన్నాడు. ఆ మాట ఎందుకో గుచ్చుకుంది. ఎందుకో నాలుగో చోట తెలిసింది.

నాలుగోది లిటిల్ ఇండియాలో జరిగే కఫ్ రోడ్ ప్రాజెక్ట్. ట్రాన్సియెంట్ వర్కర్స్ కౌంట్ టూ అనే సంఘం నడుపుతుంది, టీడబ్ల్యూసీ2 అంటారు. ఆ సంఘం పుట్టుక వెనక ఒక చావుంది. ఇండోనేషియా నుంచి ఇంటిపనికి వచ్చిన ఒక చిన్న పిల్ల 2001లో యజమాని పెట్టిన బాధలకి చనిపోయింది. ఒకే ఊళ్ళో, గోడ పక్కనే ఇలా జరుగుతుంటే మనకెలా తెలియలేదు అని కొందరు కలిసి పని మొదలుపెట్టారు. 2004లో సంఘంగా నమోదయ్యారు. 2008 నుంచి ఈ భోజనాలు పెడుతున్నారు.

ఎవరికి పెడుతున్నారు? ఇది మీరు తెలుసుకోవాలి. దెబ్బ తగిలి పరిహారం కేసు నడుస్తున్నవాడికి, జీతం రాక ఫిర్యాదు చేసినవాడికి, పర్మిట్ రద్దయ్యాక ఇక్కడ ఉండటానికి స్పెషల్ పాస్ అని ఒక కాగితం ఇస్తారు. ఆ కాగితం మీద మామూలుగా పని చెయ్యకూడదు. కేసు నెలలకొద్దీ సాగొచ్చు. పని లేదు, జీతం లేదు, ఇంటికెళ్తే కేసు చేజారుతుందేమోనని భయం. మరి ఏం తినాలి? అందుకని ఆ భోజనం.

అన్నయ్య పేర్లు రాసే బల్ల దగ్గర సాయం చేస్తున్నాడు. నేను పక్కన నిలబడ్డాను. ఒక అబ్బాయి వచ్చాడు. కుడిచేతికి కట్టు. ఇంగ్లీషు రాదు, తమిళం అరకొర. అన్నయ్య వేరేవాళ్ళతో ఉన్నాడని బల్ల దగ్గరున్న అమ్మాయి నన్ను పిలిచింది. "మీకు తెలుగు వచ్చా? కొంచెం చెప్తారా?" అంది.

వాడి ఊరు చెప్పను, పేరు చెప్పను. వాడు తెలుగులో చెప్తున్నాడు, నేను ఇంగ్లీషులో చెప్తున్నాను. ఎప్పుడు తగిలింది? ఫలానా నెలలో. ఎలా తగిలింది? మెషిన్ దగ్గర. వెంటనే ఎందుకు చెప్పలేదు? వాడు కాసేపు కాళ్ళకేసి చూసి అన్నాడు: "మా సూపర్‌వైజర్ ఎవరికీ చెప్పొద్దన్నాడండి. డార్మ్‌లో పడ్డానని చెప్పమన్నాడండి."

ఆ అమ్మాయి నా మొహం చూస్తోంది, నేను చెప్పాలని. నాకు నోరు రాలేదు. ఇంగ్లీషు రాక కాదు.

ఎందుకో చెప్తాను. అంతకు నాలుగు నెలల ముందు, ఫిబ్రవరిలో, నా దగ్గర పనిచేసే తమ్ముడొకడికి చువ్వల కట్ట దించుతుంటే మధ్యవేలు నలిగింది. గేటు దగ్గర మా సైట్లో ఒక బోర్డుంది, మీ సైట్లోనూ ఉంటుంది, "ప్రమాదం లేని రోజులు" అని. ఆ రోజు దాని మీద 212 ఉంది. ఒక్క దెబ్బ రాసుకుంటే సున్నా. నేనే వాడిని టాక్సీలో క్లినిక్‌కి తీసుకెళ్ళాను. దారిలో, "డార్మ్‌లో తలుపు సందులో పడిందని చెప్పు, నీ జీతం సంగతి నేను చూసుకుంటాను" అన్నాను. నన్ను అలా చెప్పమని ఎవరూ అనలేదు. పైవాళ్ళు అడగలేదు. నాకు నేనే అన్నాను. కొత్తగా సూపర్‌వైజర్నయ్యాను, నా చేతికింద బోర్డు సున్నాకి పడకూడదు, అంతే. వాడు తలూపాడు. నేను మంచివాణ్ణి అనుకున్నాడు. టాక్సీ డబ్బులు నేనే ఇచ్చానని అందరికీ చెప్పుకున్నాడు కూడా.

ఇప్పుడు ఈ బల్ల దగ్గర అదే మాట, వేరే నోట్లోంచి వచ్చి నా నోట్లోంచి బయటికి పోవాలి. చివరికి చెప్పాను. ఆ అమ్మాయి రాసుకుంది. ఆశ్చర్యపోలేదు. ఇలాంటివి ఎన్ని విన్నదో మరి. తర్వాత ఆ అబ్బాయి నన్ను అడిగాడు, "అన్నా, నువ్వేం పని చేస్తావు?" అని. "సైట్లోనే" అన్నాను. సూపర్‌వైజర్నని చెప్పలేకపోయాను.

ఆ రాత్రి పుంగోల్‌లో భోజనం దగ్గర నేను మాట్లాడలేదు. మామ్మగారు మజ్జిగ పోస్తూ, "ఒంట్లో బాగోలేదా?" అన్నారు. అప్పుడు మొత్తం చెప్పేశాను. చెప్పాక, "అన్నయ్యా, ఇంతకీ బోర్డు నిలబడింది" అని నవ్వబోయాను. ఎవరూ నవ్వలేదు. అన్నయ్య తిట్టలేదు, సర్దిచెప్పనూ లేదు. "వాడి వేలు ఇప్పుడెలా ఉంది?" అని మాత్రం అడిగాడు. నాకు తెలియదు. నాలుగు నెలలుగా రోజూ చూస్తున్న మనిషి వేలు వంగుతుందో లేదో నాకు తెలియదు.

మర్నాడు డార్మ్‌కి వెళ్ళాను. వాడి చెయ్యి పట్టుకుని చూశాను. పై కణుపు వంగట్లేదు. "చలికి పట్టేసింది అన్నా" అన్నాడు. సింగపూర్‌లో చలి ఎక్కడిది? నన్ను కాపాడటానికి వాడు ఇంకా అబద్ధమాడుతున్నాడు.

సెలవు అయ్యాక సేఫ్టీ ఆఫీసర్ దగ్గరికి, ఆ తర్వాత మేనేజర్ దగ్గరికి వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పాను. రాసిచ్చాను కూడా. నాకు వార్నింగ్ లెటర్ వచ్చింది, రావలసిందే. బోర్డు సున్నా అయింది. ఆ తమ్ముడి దెబ్బ ఆలస్యంగానైనా రిపోర్టయింది. ఆసుపత్రిలో వేలు పరీక్షించి ఎంత శాతం నష్టమో తేల్చారు, పరిహారం వచ్చింది. ఎంతన్నది వాడి సొంత విషయం. వేలు మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు. మొదటివారంలోనే సరైన వైద్యం జరిగుంటే వచ్చేదేమో. ఆ "ఏమో" నాతోనే ఉంటుంది.

ఇప్పుడు టూల్‌బాక్స్ మీటింగ్ లాగా నాలుగు ముక్కలు. ఇవి నాకు ముందే తెలియాల్సినవి, సూపర్‌వైజర్‌గా ఉండి కూడా పట్టించుకోనివి.

ఒకటి. పనిలో దెబ్బ తగిలితే పరిహారం చట్టం ఉంది, వైకా అంటారు. తప్పు నీదా, కంపెనీదా అని చూడదు. నీ పొరపాటు వల్ల తగిలినా హక్కు ఉంటుంది. తాగి ఉండటం, కొట్లాట లాంటివి మినహాయింపు.

రెండు. దెబ్బ తగిలిన రోజు నుంచి ఏడాదిలోపు క్లెయిమ్ వెయ్యాలి. 2020 సెప్టెంబర్ నుంచి, ఒక్కరోజు ఎంసీ ఇచ్చినా, లైట్ డ్యూటీ రాసినా కంపెనీ మినిస్ట్రీకి రిపోర్టు చెయ్యాల్సిందే. "రెండ్రోజుల ఎంసీయే కదా, ఎందుకు" అని ఎవరైనా అంటే, వాళ్ళకి రూలు తెలియదు లేదా తెలిసి అంటున్నారు. నేను రెండో రకం.

మూడు. డాక్టర్ ఎలా తగిలింది అని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పండి. ఆ గదిలో చెప్పిన మాట కాగితం మీద ఉండిపోతుంది. తర్వాత మార్చడం ఎంత కష్టమో నేను చూశాను. దెబ్బ తగిలిన చోటు, మెషిన్, చెయ్యి ఫోటో తీసి తేదీతో ఇంటికి పంపండి. చూసినవాళ్ళ పేర్లు రాసుకోండి.

నాలుగు. ఎవరికి చెప్పాలో తెలియకపోతే మైగ్రెంట్ వర్కర్స్ సెంటర్‌కి ఫోన్ చెయ్యండి. 2009లో కార్మిక సంఘాల సమాఖ్య, యజమానుల సమాఖ్య కలిసి పెట్టిన కేంద్రం. నంబరు 6536 2692. రాత్రీపగలూ పనిచేస్తుంది. జీతం బాకీ అయితే ఏడాదిలోపు అడగాలి, ఉద్యోగం వదిలేస్తే ఆరు నెలల్లోపు అడగాలి. "చూద్దాం, వచ్చే నెల ఇస్తాడేమో" అని కూర్చుంటే గడువు దాటిపోతుంది.

ఇక్కడున్న సూపర్‌వైజర్లకి, ఫోర్‌మన్లకి ఒక్క మాట. మనం పైవాళ్ళకీ కిందవాళ్ళకీ మధ్యలో ఉన్నాం, నాకు తెలుసు. పైనుంచి లెక్క, కిందనుంచి మనిషి. కిందవాడు మన ఊరివాడైతే మనమాట ఇంకా తొందరగా వింటాడు. నమ్మకంతో తలూపుతాడు. ఆ నమ్మకాన్ని వాడి మీదికే వాడకండి. నేను వాడాను.

మనం ఇక్కడ కూలీలం, మనకి సేవ చేసేవాళ్ళు వేరే ఉంటారు అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. ఆ పది రోజుల్లో నేను ఉల్లిపాయలు కోశాను, పళ్ళేలు కడిగాను, నాలుగు మాటలు అనువాదం చేశాను. వీటిలో పెద్ద పని ఆ నాలుగు మాటలే. ఆ బల్ల దగ్గర వంట వచ్చినవాళ్ళున్నారు, చట్టం తెలిసినవాళ్ళున్నారు. ఆ సాయంత్రం తెలుగు వచ్చినవాడు మాత్రం తక్కువపడ్డాడు. ఆ అబ్బాయి నిలబడిన వరసలో రేపు మీరుండొచ్చు, నేనుండొచ్చు. మన మాట మన నోటితో చెప్పేవాడు ఒకడుంటే సగం భయం పోతుంది.

ఇక్కడ తెలుగు సమాజం 1975లోనే మొదలైంది. చదువుకున్నవాళ్ళు, ఇళ్ళున్నవాళ్ళు ఉగాదికి మనల్ని పిలుస్తారు, మనం వెళ్ళి పచ్చడి తిని వచ్చేస్తాం. ఒకరి ఇంట్లో పది రోజులుంటే తెలిసింది, వాళ్ళకీ మనల్ని ఎలా పలకరించాలో తెలియదు, మనకీ తెలియదు. కలిసి పనిచేస్తే ఆ మొహమాటం పోతుంది. పక్కపక్కన కూర్చుని ఉల్లిపాయలు కోస్తే అందరి కళ్ళలోనూ నీళ్ళే.

నేను కొత్త గదికి మారేరోజు మామ్మగారు ఆవకాయ సీసా చేతిలో పెట్టి, "మళ్ళీ ఎప్పుడొస్తావు?" అన్నారు. "ఎప్పుడు పిలిస్తే అప్పుడు" అన్నాను. "పిలవడం ఏటి, మనోడి ఇంటికి వచ్చీడానికి" అన్నారు. ఆ తమ్ముణ్ణి కూడా ఒకసారి తీసుకెళ్ళాను. ఎడంచేత్తో గ్లాసు పట్టుకుంటే ఎందుకని ఆమె అడగలేదు. మజ్జిగ మాత్రం రెండుసార్లు పోశారు.

ఎక్కువ మాట్లాడేశాను, లారీలు వచ్చే టైమయింది. ఆఖరుగా ఒకటి. వచ్చే నెల రెండో ఆదివారం వంటశాలకి వెళ్తున్నాం. ముందే పేర్లు చెప్పుకోవాలి. కొయ్యడానికి ఆరుగురు కావాలి. కత్తి పట్టుకోవడం రాకపోయినా ఫరవాలేదు, నేర్పే ఆంటీ ఉంది. సాయంత్రం లిటిల్ ఇండియాలో తెలుగు, ఇంగ్లీషు రెండూ వచ్చినవాళ్ళు ఇద్దరు కావాలి. ఆ ఇద్దరిలో ఒకణ్ణి నేను. రెండోవాడు ఎవరో తలుపు దగ్గర పుస్తకంలో పేరు రాసి వెళ్ళండి.